గీత ఎక్కడ పడాలి: రెండు రంగుల 1955 బెల్ ఎయిర్

(రికార్డింగ్ విని రాసిన ప్రసంగ పాఠం. రాలేకపోయినవారి కోసం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ముందు వరుసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. తెర మీద బొమ్మ దగ్గర నుంచి చూస్తేనే నేను చెప్పేది తెలుస్తుంది.

ఇది 1955 షెవర్లే బెల్ ఎయిర్. రెండు తలుపుల హార్డ్‌టాప్, అంటే పక్క కిటికీల మధ్య స్తంభం లేనిది. స్పోర్ట్ కూపే అనేవాళ్లు. కింద ఎరుపు, దాని పేరు జిప్సీ రెడ్. పైన తెలుపు, దాని పేరు ఇండియా ఐవరీ. అవును, మన దేశం పేరే. డెట్రాయిట్ వాళ్లు, అంటే అమెరికా కార్ల కంపెనీ వాళ్లు, రంగుకి పెట్టుకున్న పేరు.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఈ కారులో మీ చూపు మొదట ఎక్కడికి వెళ్లింది? ఎరుపు మీదికా, తెలుపు మీదికా? మళ్లీ చూడండి. తలుపు దాటిన తర్వాత, కిటికీ కింది అంచు చిన్నగా ఒంపు తిరిగిన చోట, ఒక మెరిసే పట్టీ ఏటవాలుగా కిందికి దిగింది. దిగి, అక్కడి నుంచి వెనక లైటు దాకా అడ్డంగా పోయింది. మీ చూపు ఆ దారినే పోయింది, అవునా? ఈ కారు అందమంతా ఆ గీతలో ఉంది. ఈ గంటసేపూ నేను ఆ గీత గురించే మాట్లాడతాను. అది ఎందుకు అక్కడ పడింది, పాడైన కారుని తిరిగి నిలబెట్టేటప్పుడు దాన్ని మళ్లీ అక్కడే ఎలా పడేయాలి, ఎక్కడ తప్పుతుంది. అంతే.

ముందు ఎందుకు అన్నది. షెవర్లేని తయారుచేసే జనరల్ మోటార్స్‌లో డిజైన్ విభాగాన్ని నడిపిన హార్లీ ఎర్ల్‌కి ఏళ్ల తరబడి ఒకటే పట్టుదల: కారు పొడుగ్గా కనపడాలి, నేలకి దగ్గరగా కనపడాలి. 1955 షెవర్లే బొమ్మ గీసిన స్టూడియోకి పెద్ద క్లేర్ మెకికన్. ఇక్కడ గమనించండి. 1954 కారు వీల్‌బేస్, అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, 115 అంగుళాలు. 1955 కారు వీల్‌బేస్ ఎంత? అదీ 115 అంగుళాలే. ఒక్క అంగుళం పెరగలేదు. ఎత్తు తగ్గించారు, మడ్గార్డుల బొద్దుతనం తీసేశారు, రంగుని రెండుగా కోశారు. అంతే, కొత్త కారు పాతదాని కన్నా చాలా పొడుగనిపించింది.

ఎలా? పైకప్పు లేతరంగులో ఉంటే అది ఆకాశం వెలుగులో కలిసిపోతుంది. ముదురు రంగున్న కింది భాగమే కారు అని కన్ను లెక్క వేసుకుంటుంది. దాని ఎత్తు తక్కువ, పొడవు ఎక్కువ. అదే కారుని మొత్తం ఎరుపులో చూడండి, కప్పు బరువుగా దిగుతుంది. బాగుంటుంది, కాదనను. కానీ ఆ పరుగు ఉండదు.

ఆ రోజుల్లో రెండు రంగులు షెవర్లే ఒక్కదాని సొత్తు కాదు. అదే 1955లో ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా కప్పు మీదుగా మెరిసే పట్టీ వేసి రంగుల్ని విడదీసింది. డాడ్జ్ లా ఫెమ్ గులాబీ, తెలుపు. ప్యాకార్డ్ కరీబియన్ అయితే ఏకంగా మూడు రంగులు. అయినా నన్ను అడిగితే గీత ఉండాల్సిన చోట ఉన్న కారు ఈ 55 షెవర్లేనే. 56లో ఆ మెరిసే పట్టీని, అంటే బీడింగ్‌ని, ముందు నుంచి వెనక దాకా సాగదీశారు. 57 బెల్ ఎయిర్‌లో వెనక మడ్గార్డు మీద సన్న గీతలున్న అల్యూమినియం పలక పెట్టారు. జనానికి 57 అంటేనే మోజు ఎక్కువ. రెక్కలున్నాయి కాబట్టి. నాకు మాత్రం 55 పక్కన నిలబడితేనే తృప్తి.

ఇంకో సంగతి. ఈ కారు పైకి మాత్రమే కొత్త కాదు. ఎడ్ కోల్ షెవర్లే చీఫ్ ఇంజనీరుగా తెచ్చిన 265 క్యూబిక్ అంగుళాల వి-8, అంటే మన లెక్కలో 4.3 లీటర్లు, ఇందులోనే మొదలైంది. మామూలుగా 162 హార్స్‌పవర్, పవర్ ప్యాక్ అనే అదనపు సరంజామా తీసుకుంటే 180. కరెంటు 6 వోల్టుల నుంచి 12కి మారిందీ ఈ ఏడే. జనరల్ మోటార్స్ తన 5 కోట్లవ కారు అని బంగారు రంగు వేసి 1954 నవంబర్ 23న ఫ్లింట్‌లో లైన్ మీద నుంచి దించింది కూడా ఈ బెల్ ఎయిర్‌నే. మన బొంబాయిలో 1928 నుంచి షెవర్లేలు బిగించిన జనరల్ మోటార్స్, ఆ పని 1954లో ఆపేసింది. అందుకని 55 మోడల్ మన దేశంలో తయారవలేదు. అక్కడ ఎక్కడైనా కనపడితే అది బయటి నుంచి వచ్చిన బండే.

సరే, ఇక పనిలోకి వద్దాం.

మీ చేతికి ఒక 55 వచ్చింది. తుప్పు పట్టింది, మీద ఎవరో నీలం రంగు కొట్టారు. అసలు రంగులేవో ఎలా తెలుస్తుంది? బానెట్ ఎత్తండి. ఇంజనుకి వెనక అడ్డగోడ ఉంటుంది చూశారా, ఫైర్‌వాల్, దాని మీద చిన్న రేకు బిళ్ల ఉంటుంది. అందులో బాడీ స్టైల్ నంబరు, ట్రిమ్ నంబరు, పెయింట్ నంబరు ఉంటాయి. పెయింట్ నంబరు చూస్తే పైన ఏ రంగు, కింద ఏ రంగు అన్న జంట తెలుస్తుంది. ట్రిమ్ నంబరు లోపలి సీటు బట్టది. ఈ రెండూ కలిసే ఉండాలి. బయట ఎరుపు తెలుపు వేసి, లోపల ఆకుపచ్చ సీట్లు వదిలేసిన కార్లున్నాయి. చూస్తే బాధ కలుగుతుంది.

డ్రైవర్ తలుపు కీళ్లుండే స్తంభం మీద ఇంకో బిళ్ల, అది కారు నంబరు. వీసీ55ఎఫ్ అని మొదలైందనుకోండి, వీ అంటే వి-8, సీ అంటే బెల్ ఎయిర్, 55 సంవత్సరం, ఎఫ్ అంటే ఫ్లింట్ కర్మాగారం. సీ బదులు బీ ఉంటే అది 210, బెల్ ఎయిర్ కన్నా ఒక మెట్టు కింది మోడల్. దానికి బెల్ ఎయిర్ బీడింగులు తగిలించి అమ్మేవాళ్లుంటారు. కొనేముందు ఈ ఒక్క అక్షరం చూసుకోండి. దయచేసి చూసుకోండి.

బిళ్ల మీది నంబరు ఒక్కటే చాలదు. రంగు కళ్లతో చూడాలి. ఎండ తగలని చోటు వెతకండి: బీడింగ్ కింద, డాష్‌బోర్డు లోపలి వైపు, డిక్కీ రబ్బరు కింద. అక్కడ అసలు ఇండియా ఐవరీ దొరుకుతుంది. అది పాల తెలుపు కాదండీ. కొంచెం పసుపు కలిసిన, మెత్తని తెలుపు. ఇవాళ్టి కార్ల తెలుపు తెచ్చి దీని మీద కొడితే కప్పు ఫ్రిజ్ తలుపులా కనపడుతుంది. ఎరుపు కూడా చచ్చిపోతుంది. చాలామంది చేసే తప్పు ఇదే.

రేకు పని. ఈ కార్లకి తుప్పు పట్టే చోట్లు తెలిసినవే. హెడ్‌లైటు మీద కనురెప్పలా వంగిన భాగం లోపల, ఎందుకంటే చక్రం ఎగజిమ్మిన బురద అక్కడ ఇరుక్కుని తడిగా ఉండిపోతుంది. తలుపు కింది పట్టీ. కాళ్లు పెట్టుకునే ఫ్లోరు. డిక్కీ ఫ్లోరు. వెనక చక్రం తర్వాతి మడ్గార్డు కింది భాగం. ఇవి అందరూ చూస్తారు. చూడనిది ఏమిటి? బీడింగ్ క్లిప్పుల కన్నాలు. ఒక్కో కన్నం అంచూ పచ్చి ఇనుము. నీళ్లు బీడింగ్ వెనక నిలుస్తాయి, తుప్పు లోపల నుంచి పుడుతుంది. బయటికి కనపడేసరికి కన్నం చుట్టూ రేకు పల్చబడిపోయి ఉంటుంది. అక్కడ లప్పం పెట్టి సరిపెడితే క్లిప్పు నిలవదు, ఏడాదిలో బీడింగ్ ఊగుతుంది. ఆ ముక్క కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేసి, కన్నం మళ్లీ వేయాల్సిందే.

ఈ కార్లకి కొత్త రేకులు బాగానే దొరుకుతాయి, దాదాపు బాడీ మొత్తం దొరుకుతుంది. కానీ కొత్త మడ్గార్డు మీద బీడింగ్ కన్నాలు ఉండకపోవచ్చు, ఉన్నా అటూ ఇటూ ఉండచ్చు. అందుకే నేను గట్టిగా చెప్పేది: రంగుకి ముందే కారు మొత్తం ఒకసారి బిగించండి. బాడీని ఛాసీ మీద, రబ్బరు దిమ్మలతో సహా, ఇంజను బరువు ఛాసీ మీద ఉండగా కూర్చోబెట్టండి. ఎందుకు? బరువు పడితే ఛాసీ కొద్దిగా వంగుతుంది, తలుపు సందు మారుతుంది. ఖాళీ ఛాసీ మీద సరిచేసిన సందు ఇంజను లోపల పెట్టాక తప్పుతుంది. తలుపు చుట్టూ సందు 4, 5 మిల్లీమీటర్లు, పైనుంచి కింది దాకా ఒకేలా రావాలి. రాకపోతే షిమ్ములు, అంటే సన్న రేకు ముక్కలు, వేయండి, కీలు సర్దండి. అప్పుడు బీడింగులన్నీ తగిలించి చూడండి. ముందు మడ్గార్డు మీది పట్టీ, తలుపు మీది పట్టీ ఒకే వరసలో రావాలి. రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా పది అడుగుల దూరం నుంచి తెలిసిపోతుంది. ఇవన్నీ కుదిరాక, ఊడదీసి, అప్పుడు రంగు.

పాత రంగు ఏం చేయాలి? ఇది అడగాల్సిన ప్రశ్న. 1955లో ఈ కార్లకి వేసింది నైట్రోసెల్యులోజ్ లాకర్. దాని మీద ఇప్పటి రంగు, అంటే గట్టిపడటానికి హార్డనర్ కలిపి వాడేది, నేరుగా కొడితే, కొత్త రంగులోని సాల్వెంట్ లాకర్‌ని మళ్లీ కరిగిస్తుంది. ముడతలు లేస్తాయి. అప్పటికప్పుడు లేవకపోయినా, నెల తర్వాత రుద్దిన గీతలన్నీ ఉబ్బి కనపడతాయి. కాబట్టి రేకు దాకా గీకేయాలి. గీకిన రేకుని రాత్రి అలా వదలకండి, తేమకే తుప్పు మొదలవుతుంది. అదేరోజు ఎపాక్సీ ప్రైమర్, అంటే రేకుని కాపాడే అడుగు పూత, రెండు పూతలు. లప్పం ఎక్కడా 3 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటుతోందంటే డెంటింగ్ సరిగా కాలేదని అర్థం, మళ్లీ సుత్తి పట్టాలి.

తర్వాత మందం ప్రైమర్. దాని మీద నల్ల పొడి పూసి, పొడవాటి చెక్కకి కాగితం చుట్టి రుద్దాలి. 180 నంబరు కాగితంతో మొదలుపెట్టి 320, చివరికి 400 లేదా 600 వాటర్ పేపర్. నల్లపొడి ఎక్కడ మిగిలితే అది పల్లం. చేత్తో కాగితం పట్టుకుని రుద్దకండి, వేళ్ల సందులు కాలవలు పడతాయి. బీడింగ్ వచ్చే చోట ఈ పని ఇంకా నిదానంగా చేయాలి. స్టీలు పట్టీ తిన్నగా ఉంటుంది. దాని వెనక రేకు ఎగుడుదిగుడుగా ఉంటే పట్టీకీ రేకుకీ మధ్య సందు ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా కనపడుతుంది. మామూలు చోట దాక్కునే పల్లాన్ని పట్టీ పట్టిస్తుంది.

ఇప్పుడు అసలు ఘట్టం. రెండు రంగులు.

ఏది ముందు? తెలుపు ముందు. ఎందుకు? ఎరుపు మీద తెలుపు కొడితే కప్పదు, పూతలు పెంచాల్సి వస్తుంది, మందం పెరుగుతుంది, పైగా ఎరుపు లోపల నుంచి గులాబీ ఛాయ కొట్టచ్చు. తెలుపు మీద ఎరుపు అలా కాదు, త్వరగా కప్పేస్తుంది. లేతరంగు ముందు, ముదురు తర్వాత. ఇది గుర్తుపెట్టుకోండి.

రంగు రకం విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఈ రెండూ మెటాలిక్ కాని రంగులు. వీటికి సింగిల్ స్టేజ్ యురేథేన్, అంటే రంగూ మెరుపూ ఒకే పూతలో ఉన్నది, చాలు, అదే అందం. బేస్, అంటే రంగు పూత, దాని మీద క్లియర్, అంటే రంగులేని మెరుపు పూత, దట్టంగా కొడితే అద్దం వెనక బొమ్మలా తయారవుతుంది, 1955 కారు మెరుపు అది కాదు. మెటాలిక్ రంగుంటే సరే, క్లియర్ తప్పదు. అలాంటప్పుడు రెండు బేసులూ పూర్తిచేసి, టేపులు తీసి, మొత్తం మీద ఒకేసారి క్లియర్ కొట్టండి, గీత దగ్గర గట్టు మిగలదు. కంపెనీ కాగితంలో బేసుకీ క్లియరుకీ మధ్య ఎన్ని గంటలు గడువో ఉంటుంది. అది దాటితే మళ్లీ రుద్దాలి. ఊహించుకోకండి, కాగితం చదవండి.

తెలుపు ఎక్కడెక్కడ? కప్పు, డిక్కీ మూత, బీడింగుకి పైన ఉన్న వెనక మడ్గార్డు భాగం. మిగతాది, అంటే బానెట్, ముందు మడ్గార్డులు, తలుపులు, వెనక మడ్గార్డు కింది భాగం, ఎరుపు. తెలుపు కొట్టేటప్పుడు గీత దాటి ఒక అంగుళం కిందికి పోనివ్వండి. రాత్రంతా ఆరనివ్వండి. ఆ అంగుళం మేర 600తో లేదా 800తో మసకగా రుద్దండి, లేకపోతే ఎరుపు పట్టుకోదు, పొరలా లేస్తుంది.

ఇప్పుడు టేపు. గీత ఎక్కడ పడాలి? బీడింగ్ పై అంచునా? కింది అంచునా? చెప్పండి... కాదు. క్లిప్పు కన్నాల మధ్య నుంచి పోవాలి. సరిగ్గా మధ్య నుంచి. అప్పుడు పట్టీ పెట్టాక గీత రెండు వైపులా దాని కింద దాగుతుంది. చీరకి కుట్టిన అంచు అతుకుని ఎలా దాస్తుందో ఈ పట్టీ రంగుల అతుకుని అలా దాస్తుంది. కర్మాగారంలో కూడా అందుకే పెట్టారు. గంటకి ఎన్నో కార్లు పోయే లైన్ మీద చేత్తో టేపు వేసినవాడికి గీత వెంట్రుకంత అటూ ఇటూ అయినా పట్టీ కింద సరిపోతుంది. 1955లో షెవర్లే సుమారు 17 లక్షల కార్లు చేసింది. పట్టీ లేకుండా అన్నిటి మీద అంత శుభ్రమైన గీత వచ్చేదా?

మామూలు కాగితం టేపు గీతకి పనికిరాదు, దాని అంచు గరుకు. ప్లాస్టిక్ ఫైన్ లైన్ టేపు తీసుకోండి. తిన్నగా పోయేచోట 6 మిల్లీమీటర్లది, ఒంపు దగ్గర 3 మిల్లీమీటర్లది. సన్నది వంగుతుంది, వెడల్పుది వంచితే ముడత పడుతుంది, ఆ ముడత కిందికి రంగు దూరుతుంది. టేపుని లాగి అంటించకండి. లాగితే రబ్బరులా సాగి, ఆరేలోపు వెనక్కి ముడుచుకుని ఒంపు దగ్గర లేస్తుంది. అంచు వెంట గోటితో నొక్కండి. దాని మీద సగం ఎక్కేలా కాగితం టేపు, ఆ తర్వాత కవరు. ఎరుపు కొట్టే చోటు తప్ప కవరు మొత్తం కారుని మూసేయాలి, కింద నేల దాకా. ఎరుపు పొగ ఎంత దూరమైనా పోయి తెలుపు మీద వాలుతుంది.

స్ప్రే గన్ ముక్కు 1.3 లేదా 1.4 మిల్లీమీటర్లు. రేకుకి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం. ఒక పూత మీద ఇంకో పూత సగానికి ఎక్కాలి. మొదటి పూత పల్చగా, కొంచెం పొడిగా. గన్ టేపు వైపు నుంచి బయటికి ఊదాలి. టేపు అంచు మీదికి ఎదురు ఊదితే గాలి ఒత్తిడికి రంగు కిందికి దూరుతుంది. పది పదిహేను నిమిషాలు ఆగి తర్వాతి పూత. ఆత్రంతో తడిగా దట్టించారా, టేపు దగ్గర గట్టు కట్టి, తీసినప్పుడు రంపం పళ్లలా విరుగుతుంది.

టేపు ఎప్పుడు తీయాలి? రంగు చేతికి అంటకుండా ఉండి, ఇంకా గట్టిపడని సమయంలో. తెల్లారేదాకా ఉంచితే అంచు పెళుసవుతుంది. టేపుని వెనక్కి మడిచి, దాని మీదికే పడుకోబెట్టినట్టు, నిదానంగా లాగండి. పైకి ఎత్తి లాగకండి.

ఒక్క మాట, ఇది తప్పకుండా వినండి. ఈ రంగుల హార్డనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఒకసారి ఊపిరితిత్తులకి అవి పడకుండా పోతే జీవితాంతం ఉబ్బసం వేధించచ్చు. మామూలు గుడ్డ మాస్కు చాలదు. బయటి నుంచి గాలి వచ్చే ముసుగు ఉండాలి. అది లేకపోతే స్ప్రే పని తెలిసిన బూత్‌కి ఇచ్చేయండి, మిగతాదంతా మీరు చేసుకోండి.

పట్టీ కప్పని చోట్లు కొన్ని ఉన్నాయి. తలుపు సందుల లోపలి వైపు, డిక్కీ మూత అంచులు. అక్కడ టేపు గీత పచ్చిగా కనపడుతుంది. ఎవరైనా కారు చూడమంటే నేను ముందు తలుపు తెరుస్తాను. పైపై పని అక్కడ దొరికిపోతుంది.

ఇక మెరుపు. అందరూ అన్నిటినీ క్రోమ్ అంటారు. బంపర్లు, హెడ్‌లైటు చుట్టలు క్రోమ్ పూత వేసినవే. పక్క పట్టీలు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలు. వాటికి పూత లేదు, అది లోహం మెరుపే. అందుకే వాటిని ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. సొట్ట ఉంటే వెనక నుంచి చిన్న సుత్తితో మెల్లగా లేపండి, ఎక్కువ లేపకండి. సన్న ఆకురాయి వేసి, 320, 400, 600, 800 వరసగా. ఆపైన నారచక్రం, చివర నూలుచక్రం మీద బఫింగ్. జాగ్రత్త, పొడవు పట్టీ చక్రం పై అంచుకి తగిలితే చక్రం దాన్ని లాక్కుని విసిరేస్తుంది. ఎప్పుడూ చక్రం కింది సగానికే ఆనించండి, చివర కిందికి ఉండాలి. జింకుతో పోతపోసిన ముక్కలు వేరు. వాటి మీద పొక్కులుంటే తుప్పు లోపల నుంచి తినేసిందని అర్థం. పూత తీసి, గుంటలు తవ్వి, రాగి పూత వేసి, రుద్ది, నికెల్, ఆపైన క్రోమ్. అది బయట చేయించే పని, ఖర్చు ఎక్కువ. 57 అల్యూమినియం పలకలున్నవాళ్లు పాలిష్ పెట్టకండి. దాన్ని కాపాడే ఆనోడైజింగ్ పొర పోతుంది, సబ్బునీళ్లే చాలు.

చివరిగా పట్టీ బిగించడం. రంగు పూర్తిగా గట్టిపడేదాకా ఆగండి. రెండు వారాలైనా. తొందరపడితే క్లిప్పు చుట్టూ రంగు నలిగి ముద్రలు పడతాయి. ప్రతి కన్నం అంచుకీ కుంచెతో కొంచెం రంగు అద్దండి, పచ్చి ఇనుము మిగలకూడదు. క్లిప్పు వెనక మెత్తని సీలర్ ముద్ద పెట్టండి, నీళ్లు లోపలికి పోకుండా. పట్టీ చివరలు రంగుని గీరకుండా రెండు వైపులా టేపు వేసుకోండి. ఇద్దరు పట్టుకోవాలి, ఒక్కరితో కాదు. ముందు చివర నుంచి అరచేత్తో నొక్కుకుంటూ వెనక్కి రండి. ఎక్కకపోతే సుత్తి తీయకండి, తీసి చూడండి, ఏదో ఒక క్లిప్పు తిరిగిపోయి ఉంటుంది. అన్నీ ఎక్కాక వెనక లైటు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, పట్టీ వెంట ముందుకి చూడండి. పైన సన్నగా ఎరుపు దారం కనపడిందా, కింద తెలుపు దారం కనపడిందా? కనపడితే ఆ చోట పట్టీ తీసి, టేపు వేసి, చిన్న కుంచెతో సరిచేసి, మళ్లీ బిగించండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.